బల్ల మీద కూసి బండిలో మూగబోయిన హారన్

అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. వీధంతా ఆయన్ని పిలిచేది చెవుల మేస్త్రి అని. చెవులేమీ చేటలంత లేవు, అందరికీ ఉన్నట్టే ఉండేవి. కాకపోతే పాతికేళ్ల వయసులోనే, మలుపు తిరుగుతున్న బండి ఇంకా కంటికి ఆనకముందే, దాని హారన్ విని "పాయింట్లు కాలిపోయినట్టున్నాయి, ఇక్కడికే వస్తాడు చూడు" అనేవాడు. ఆ బండి అన్నట్టే వచ్చి, హారన్లు బాగుచేసే ఆయన షెడ్డు ముందు ఆగేది. నలభై ఏళ్లుగా ఆ చెవులే ఆయనకు అన్నం పెట్టాయి.

వస్తున్నానని చెప్పడానికి మనిషి పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వొస్తుంది. ముందు కేకేశాడు. గొంతు పోయాక కొమ్ము ఊదాడు, శంఖం ఊదాడు. బండ్లొచ్చిన కొత్తలో రబ్బరు బుడ్డి పిసికాడు. చివరికి ఓ ఇనప డొల్లలో పల్చటి ఉక్కు రేకు బిగించి, అయస్కాంతంతో దాన్ని సెకనుకి వందలసార్లు లాగి వదిలే ఏర్పాటు చేశాడు. రేకు వణుకే హారన్ గొంతు. దాని వెనక చిన్న మర, అంటే స్క్రూ, ఒకటుంటుంది. వెంట్రుకవాసి అటు తిప్పితే మేక, వెంట్రుకవాసి ఇటు తిప్పితే గంట. ఆ తేడా చెప్పగలిగేది చెవి ఒక్కటే.

రెండేళ్లుగా మేస్త్రికి ఆ చెవి లేదు.

ఎడమది ముందు పోయింది. కుడిది దాని వెనకే బయల్దేరింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి మాట పట్టేస్తాడు. హారన్ మాత్రం వినపడదు. అందుకో ఉపాయం కనిపెట్టాడు. హారన్‌ను బల్ల మీద ఇనప వైస్‌లో బిగించి, స్క్రూడ్రైవర్ మొన దాని వీపుకి ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుంటాడు. వణుకు పళ్లలోంచి దవడలోకి, దవడలోంచి తలలోకి ఎక్కుతుంది. మేకో గంటో అక్కడ తేలిపోతుంది. ఈ సంగతి భార్య ఒక్కదానికే తెలుసు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట," అని ఆవిడ ఎత్తిపొడిచేది. "నువ్వు వాడికి అన్నయ్యవి. శంఖాన్నే కొరుకుతున్నావు."

"నోరు మూసుకుని కిటికీ దగ్గర కూచోవే," అనేవాడాయన.

ఆవిడ కిటికీ దగ్గర కూచోవడం సరదాకి కాదు. హారన్ బండికి ఎక్కించాక ఆయన స్టీరింగ్ దగ్గర బటన్ నొక్కుతాడు. మోగితే ఆవిడ తలూపుతుంది. అదీ వాళ్ల ఒప్పందం. బటన్ బండి లోపల, హారన్ బండి ముక్కు దగ్గర. రెండింటినీ ఒక్క మనిషి అందుకోలేడు కదా.

ఆ రోజు కిటికీ ఖాళీగా ఉంది. అక్కకి ఆపరేషన్ అని ఆవిడ పొద్దున్నే బస్సెక్కింది.

షెడ్డులో ఉన్నది నర్సమ్మ కారు. మేస్త్రి కంటే నాలుగేళ్లే చిన్నది, గుండ్రటి బుగ్గలు, లేత ఆకుపచ్చ రంగు. నర్సమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ కార్లోనే కాన్పులకి వెళ్లింది. ఇప్పుడు ఆవిడకి విశ్రాంతి దొరికింది గానీ కారుకి దొరకలేదు. పాత బండ్లన్నీ తనిఖీకి రావాలన్నారు. మొదటిసారి దీపాలని తిప్పి పంపారు, రెండోసారి బ్రేకులని తిప్పి పంపారు. మూడోసారి కూడా తప్పితే నంబరు కొట్టేసి తుక్కుకి పంపేస్తారు. ఆ మూడోసారి ఇవాళే. నాలుగింటికి తనిఖీ మైదానం గేటు మూస్తారు. మిగిలింది హారన్ ఒక్కటే.

నిన్ననే దాన్ని విప్పి, లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్లు గీకి, రేకు తుప్పు వదిలించి, మర సరిచేశాడు. బల్ల మీద గంటలా పలికింది. ఇవాళ మధ్యాహ్నం బండికి బిగించి బటన్ నొక్కాడు.

ఏమీ లేదు.

మోగలేదా? మోగింది తనకి వినపడలేదా? నిన్నటిదాకా దగ్గర్లో మోగితే దూరపు తుమ్మెదలాగైనా చెవిలో ఏదో కదిలేది. ఇవాళ అదీ లేదు. ఉన్న కాస్తా రాత్రికి రాత్రే పోయిందా? మళ్లీ నొక్కాలని బొటనవేలు లేపాడు. కార్ అద్దంలో నర్సమ్మ గొడుగు కనిపించింది. రెండింటికి రమ్మంటే ఒకటిన్నరకే వచ్చేసింది.

"అయిపోయిందా మేస్త్రీ?"

"అయిపోయినట్టేనమ్మా. ఒకసారి చూసుకోండి," అని ఆవిడ మొహం మీదే కళ్లు పెట్టి బటన్ నొక్కాడు. మోగితే కనురెప్పైనా అదరకపోతుందా?

అదరలేదు. అయితే ఏం తేలింది? ఎంతమంది తండ్రులకో ఎన్ని రకాల కబుర్లో చెప్పిన మొహం అది. పిడుగు పడ్డా ఒక్క గీత కదలదు. అప్పుడు కనపడింది పిల్లి. రేకుల షెడ్డు నీడలో, బంపర్‌కి రెండు మూరల దూరంలో, పొట్ట పైకి పెట్టి నిద్రపోతోంది. ఇంకోసారి గట్టిగా నొక్కాడు. పిల్లి మీసం కూడా కదల్లేదు.

హారనే మోగలేదు! ఆయనకి ప్రాణం లేచొచ్చింది. చేసిన పని చెడిపోయినందుకు మురిసిపోయిన మేస్త్రి లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

మురిపెం ఎంతోసేపు నిలవలేదు. ఫ్యూజు చూశాడు, బాగుంది. తీగ కొసకి పరీక్ష బల్బు పెట్టి నర్సమ్మని బటన్ నొక్కమన్నాడు. బల్బు వెలిగింది. కరెంటు హారన్ గుమ్మం దాకా వస్తోంది, లోపలికి పోవట్లేదు. విప్పి బల్ల దగ్గరికి పట్టుకెళ్లాడు. రెండు తీగలు తగిలించి, వీపు ఆవిడకి పెట్టి, వెలుతురు చాలనట్టు ఒంగి, గబుక్కున స్క్రూడ్రైవర్ కరిచాడు. గంట! తల నిండా గంట. తెచ్చి బిగించాడు. నర్సమ్మ నొక్కింది. పిల్లి అటునుంచి ఇటు దొర్లి పడుకుంది.

రెండూ నలభై. తనిఖీ మైదానానికి అరగంట దారి.

"బల్ల మీద పాడుతుంది, బండెక్కితే పాడదు," అంది నర్సమ్మ. "పెళ్లిచూపుల్లో పిల్లలా సిగ్గు పడుతోందేమో."

"వేళాకోళం ఆడకండమ్మా, టైమైపోతోంది."

"చూస్తూనే ఉన్నాను. కాస్త మంచినీళ్లు తాగండి. ఇది తుక్కుకి పోతే నేనేమీ చచ్చిపోను."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ మేస్త్రి వైపు చూడలేదు, కారు వైపు చూసింది. అదే ఆయనకి గుచ్చుకుంది.

నీళ్లు తాగుతూ హారన్ కేసి చూస్తే, అది కొత్తగా, నల్లగా, మిలమిలా మెరుస్తోంది. దాన్ని పట్టి ఉన్న బ్రాకెట్ ఇంకా మెరుస్తోంది. మేస్త్రికి చేసిన పని అద్దంలా కనపడాలి. అందుకే నిన్న ఆ బ్రాకెట్‌కి, దాని బోల్టుకి కూడా రెండు పూతలు నల్లరంగేసి రాత్రంతా ఆరబెట్టాడు. ఈ రకం హారన్‌కి వచ్చే తీగ ఒక్కటే. వచ్చిన కరెంటు బ్రాకెట్ గుండా బండి ఒంట్లోకి దిగిపోవాలి, దాన్నే ఎర్త్ అంటారు. రంగు పొర మధ్యలో గోడ కట్టేసింది. బల్ల మీదైతే రెండో తీగ వేరే ఉంది కాబట్టి పాడింది.

"ముందు ఎర్త్ చూడు, ఆ తర్వాతే దేవుణ్ణి తిట్టు." పని నేర్చుకోడానికొచ్చిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పిన పాఠం అదే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా.

కత్తి తీసుకుని, రాత్రి అంత ముద్దుగా వేసిన రంగుని బరబరా గీకాడు. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకి బిగించాడు. నర్సమ్మ నొక్కింది.

పిల్లి నిలువెత్తు ఎగిరి గోడ దూకింది.

"హమ్మయ్య!" అన్నాడు మేస్త్రి, గంట విన్నవాడిలా మొహం పెట్టి. "చూశారా, ఎలా ఉందో గొంతు!"

నర్సమ్మ కారు దిగింది. నెమ్మదిగా ఆయన ఎదురుగా, పెదాలు కనపడేలా నిలబడింది.

"మీకెలా ఉంది?"

"గంటలా ఉందమ్మా."

"మేకలా ఉంది మేస్త్రీ."

హడావుడిలో విప్పి బిగించేటప్పుడు మర జరిగిపోయింది. నలభై ఏళ్ల పేరు మేస్త్రి నోట్లోంచే జారి నేల మీద పడ్డట్టయింది. రేపు వీధిలో తెలుస్తుంది. ఎల్లుండి షెడ్డు ముందు ఎవరూ ఆగరు.

"ఆ స్క్రూడ్రైవర్ మళ్లీ నోట్లో పెట్టుకోండి," అంది నర్సమ్మ. "ఇందాక వెనక్కి తిరిగినప్పుడు చూశాను. పుట్టిన పిల్లల చెవులు ఎన్ని పరీక్షించానో లెక్కలేదు, మీవి తెలుసుకోడానికి నాకెంతసేపు? నేను నొక్కుతాను, మీరు తిప్పండి. మూడవుతోంది."

ఆయన కార్ ముక్కు ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పిడి కరిచాడు. ఆవిడ నొక్కింది, దవడలో మేక అరిచింది. ఇంకో స్క్రూడ్రైవర్‌తో మర వెంట్రుకవాసి తిప్పాడు. గొంతు పగిలింది. వెనక్కి తిప్పాడు. గరగర. ఇంకా వెనక్కి. కాలేదు. చెమట కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. ఏడోసారికి తల లోపల ఏదో తెరుచుకున్నట్టు నిండుగా, గుండ్రంగా మోగింది. చెయ్యెత్తాడు. కార్ లోపల్నుంచి నర్సమ్మ తలూపింది, సరిగ్గా కిటికీ దగ్గరి ఆవిడలాగే.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుందనగా మైదానంలోకి దూరారు. తనిఖీ అధికారి నలభై అడుగుల అవతల నిలబడి చెయ్యూపాడు. నర్సమ్మ నొక్కింది. పక్క సీట్లో ఉన్న మేస్త్రికి లోకం నిశ్శబ్దం. అధికారి మొహం చిట్లించి, "మళ్లీ!" అన్నట్టు వేలు చూపించాడు. నర్సమ్మ మళ్లీ నొక్కింది. అధికారి ఒకడుగు వెనక్కి వేసి, చెవిలో వేలు పెట్టుకుని, నవ్వుతూ ముద్ర కొట్టాడు.

తిరుగుదారిలో నర్సమ్మ కారు ఓ పక్కన ఆపి, ఆయన వైపు తిరిగి, "చెవుల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఈ కార్లోనే," అంది. ఆయన సరేనన్నాడు.

మర్నాడు కొత్త బేరం ఒకడు లారీ హారన్ పట్టుకొచ్చాడు. మేస్త్రి బల్ల మీద బిగించాడు. వీపు తిప్పుకోలేదు. వాడి ఎదురుగానే పిడి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఊరి నుంచి వచ్చిన భార్య కిటికీలోంచి చూసి నోటి మీద చెయ్యేసుకుంది.

లారీవాడు వింతగా వంగి, "ఏం కొరుకుతున్నావు మేస్త్రీ?" అన్నాడు.

ఆయన పిడి తీసి, తుడిచి, "కొరకట్లేదురా, వింటున్నాను," అని మళ్లీ పెట్టుకున్నాడు.