సున్నం మింగిన గుమ్మం

హబీబుల్లా రాతిపనివాడు. బతికినన్నాళ్ళూ రోళ్ళూ, సమాధి రాళ్ళూ చెక్కాడు. అవి ఎవరి పెరట్లో పడున్నాయో, ఏ ముళ్ళపొదల్లో కూరుకుపోయాయో ఎవరికీ పట్టదు. మనసుపెట్టి చెక్కింది మాత్రం ఒక్కటే, గురజాలలో వాళ్ళ వీధి చివరున్న పీర్ల చావిడి గుమ్మం. నల్లరాయి, రెండు పక్కలా పాకే తీగ, తీగ మీద చిలకలు. ఆయన ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. మనవరాలు ఫాయిజాకి తాతంటే ఆ చిలకలే.

రోడ్డు వెడల్పు చేస్తామని చావిడి గోడకి ఎర్రరంగు గుర్తు వేసి వెళ్ళారు. కొత్త చావిడికి వేరేచోట స్థలం ఇచ్చారు, అదే పదివేలు. గుమ్మం ఊడదీసి పట్టుకుపోదామంటే రాయి నిండా బీటలు. కదిపితే పిండైపోతుందని మేస్త్రి చేతులెత్తేశాడు. అప్పుడు ఫాయిజా ముందుకొచ్చింది. ఆమె నరసరావుపేటలో డ్రోన్ సర్వే ఆఫీసులో పనిచేస్తుంది. క్వారీల ఫోటోలు కంప్యూటర్లో వేసి, వాటిని కలిపి గుట్ట ఎలా ఉంటే అలాగే త్రీడీ ఆకారం కట్టడం ఆమె ఉద్యోగం. గుమ్మానికి అన్ని వైపులనుంచీ ఫోటోలు తీస్తే ఆకారం వస్తుందనీ, ఆ ఫైలు ఇస్తే సత్తెనపల్లిలో రాయి కోసే మెషిన్ మళ్ళీ అవే చిలకల్ని చెక్కిపెడుతుందనీ పెద్దలకి చెప్పింది. వాళ్ళకి సగమే అర్థమైంది. హబీబుల్లా కూతురు, ఫాయిజా అమ్మ ఖాతూన్ బీకి ఫోటో అన్న ఒక్క ముక్కే అర్థమైంది.

ఆదివారం కెమెరాతో ఫాయిజా దిగేసరికి గుమ్మం తెల్లగా మెరుస్తోంది. పీర్ల పండక్కి గోడలకే సున్నం వేస్తారు, గుమ్మం జోలికి ఎవరూ పోరు. ఈసారి ఖాతూన్ బీ ముందురోజు సాయంత్రం వీధి ఆడవాళ్ళను పోగేసి, పిడుగురాళ్ళ సున్నం తడిపి, చిలకల రెక్కల సందుల్లోకి కూడా కుంచె దూర్చి మరీ పూసింది. ఊదు పొగకి మసిబారిన రాయి ఫోటోలో ఏం కనపడుతుంది? పెళ్ళిచూపులకి పిల్లకి ముఖం కడిగి పౌడరు వెయ్యమా? ఆమె లెక్క అది. సున్నానికి వేళ్ళు పొక్కిపోయాయి, అయినా సంబరంగా కూతురి ముఖంలోకి చూస్తోంది.

ఒట్టి తెలుపు మీద సాఫ్ట్‌వేర్‌కి పట్టు దొరకదు. ఒక ఫోటోలో ఉన్న మచ్చని ఇంకో ఫోటోలో గుర్తుపట్టి లెక్క కట్టడమే దాని పని. మచ్చే లేకపోతే అది గుడ్డిది. ఈ సంగతి ఫాయిజా ఆఫీసుకొచ్చే ప్రతివాడికీ చెప్పేదే. అమ్మకి చెప్పలేదు. బాధపడుతుందిలే అనుకుంది. చెప్పినా ఈమెకేం ఎక్కుతుందిలే అని కూడా అనుకుంది, అసలు కారణం అదీ. ఏదో సెట్టింగు మార్చి లాగేద్దామని ఫోటోలు తీసుకుని బస్సెక్కింది. ఆ వారంలోనే జేసీబీ వచ్చింది, గుమ్మం ముక్కలై ట్రాక్టరెక్కింది.

ఆ తర్వాత మొదలైంది యాతన. మెష్, అంటే ఫోటోలన్నీ కలిపి అల్లే ఆకారం, కట్టమంటే కంప్యూటర్ సగం దాకా వచ్చి బిగుసుకుపోయేది, లేదంటే మెమరీ చాల్లేదని మొరాయించేది. క్వాలిటీ తగ్గించింది. మసక ఫోటోలు ఏరేసింది. ఆకాశాన్నీ రోడ్డునీ కత్తిరించింది. గుమ్మాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కా విడిగా నడిపింది, ఏమీ రాలేదు. పక్క సీటు సాయిరామ్ తన మెషిన్ కూడా ఇచ్చి, ఇంత తిప్పలెందుకు, వెళ్ళి మళ్ళీ తీసుకురారాదా అన్నాడు, గుమ్మం కూల్చేశారని తెలియక, పాపం మంచికే. ఫాయిజా అతని వైపు తిరక్కుండానే ఇంకో ముక్క నడిపింది.

చివరికి విసుగెత్తి, కత్తిరించినవన్నీ మళ్ళీ కలిపి నడిపితే మెష్ పూర్తయింది. కరెంటు స్తంభం వచ్చింది. స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఎవరో నాయకుడి పుట్టినరోజు నవ్వు పళ్ళతో సహా వచ్చింది. ఎర్రరంగు గుర్తు శుభ్రంగా వచ్చింది. గుమ్మం ఉండాల్సిన చోట పెద్ద బొక్క, దాని అంచున కరిగిన మైనంలా నాలుగు ముద్దలు. పనికిమాలినదంతా భద్రంగా ఉంది. కంప్యూటర్‌ని ఎత్తి నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చిందామెకి.

ఇంటికెళితే ఖాతూన్ బీ కళ్ళద్దాలు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. చాలాసేపు వెతికింది.

"ఏందే ఇది? నాయన గుమ్మమేది?"

ఇన్నాళ్ళూ మింగిందంతా ఫాయిజా నోట్లోంచి ఊడిపడింది.

"నువ్వు పూసిన సున్నమే తినేసింది. తెల్లగా ఉంటే కంప్యూటర్‌కి ఆనదు. తాత చెక్కిందాన్ని నీ చేత్తోనే తుడిచిపెట్టావు."

ఖాతూన్ బీ ఏడవలేదు. పొక్కులు మానిన వేళ్ళు కాసేపు చూసుకుంది.

"ఆ పొద్దు నీకు తెలుసా, రాదని?"

ఫాయిజా తలూపింది.

"ఆరీ ఆరని సున్నమే గదే. రెండు బిందెల నీళ్ళు పోసి రుద్దితే పోయేది. ఒక్క మాటంటే కడిగేదాన్ని గదా."