గడియ లేని తలుపు

మా బస్సు డిపో వాట్సాప్ గ్రూపులో తిరిగిన వీడియోలో ఒక తలుపు, దాన్ని తోస్తున్న ఇద్దరు మగవాళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు. తలుపు వెనక ఏముందో తెలియనివాళ్లు తోచిన కథలు అల్లుకున్నారు. తెలిసినదాన్ని నేను. కాబట్టి నేనే చెబుతాను.

నేను బస్సు కండక్టర్ని. పేరు మోహన. తిరుపతి నుంచి నగరికి, నగరి నుంచి తిరుపతికి, కాలు మోపే చోటు లేని బస్సులో టికెట్లు కొట్టే ఆడదానికి నోరు ఎంత ఉండాలో నాకూ అంతే ఉంది. తాగొచ్చి మీద పడినవాణ్ని నడిరోడ్డు మీద దించేసి రైట్ రైట్ అన్నదాన్ని. అలాంటి నేను ఆ మధ్యాహ్నం చాప మీద వణికిపోతూ ఉంటే నన్ను కాపాడింది నాకంటే పిరికి మనిషి.

ఆమె పేరు మునిరత్నమ్మ. నగరి పక్క పల్లెలో మరమగ్గాల చప్పుడు మధ్య కాపురం చేసింది. అత్త చెంగమ్మ ఊళ్లో బాలింతలకు, పసిబిడ్డలకు నూనె రుద్ది నీళ్లు పోసేది. కాళ్లు బారచాపి కూర్చుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, మెడ దగ్గర మొదలుపెట్టి మడమల దాకా రుద్దే ఆ పనిని కోడలికి కొత్తకాపురంలోనే నేర్పింది. మగ్గం పని పలచబడ్డాక భర్త కుప్పుస్వామి రేణిగుంటలో ఒక గోడౌనుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇద్దరూ తిరుపతి వచ్చి బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. వెనక గది ఒకప్పటి వంటిల్లు, ఇరుకు. పొయ్యిగట్టు ఇంకా అలాగే ఉంది. ఆ గదిలో చాప పరిచి, నొప్పులున్న ఆడవాళ్లకు నూనె మర్దన చేసేది మునిరత్నమ్మ. చీరల కొట్టులో పొద్దస్తమానం నిలబడే పిల్లలు, శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో మెడ వంచి పని చేసే పిల్లలు, నాలాంటి నడుము విరిగినవాళ్లు, అందరం ఒకరి నోట విని ఒకరం చేరాము. బోర్డు లేదు, పేరు లేదు. తలుపు వేసి గడియ పెట్టేది, అంతే.

భయం అంటే ఆమెదే భయం. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తదు. బల్లి అరిస్తే బయటికి పోదు. మొదటిసారి నేను డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వెళితే, పోలీసమ్మనుకుని నూనె గిన్నె వదిలేసింది. నేను టికెట్ల మిషను చూపించాకే ఆమె ముఖంలోకి రక్తం వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క, నేను ఆమెకు పాప.

తర్వాత ఊళ్లో ఇంకో వైపు ఒక స్పా మీద పోలీసులు దాడి చేశారు. ముఖాలకు చున్నీలు కప్పుకున్న ఆడపిల్లలను జీపు ఎక్కించే వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆ వెంటనే కార్పొరేషన్ ఆఫీసు నుంచి కబురు. మసాజ్ చేసేవాళ్లంతా లైసెన్సు తీసుకోవాలి, బోర్డు పెట్టాలి, ముందు గదిలో కెమెరా ఉండాలి, వీధి తలుపు పగలంతా తెరిచే ఉండాలి, లోపలి తలుపుకు గడియ ఉండకూడదు.

కుప్పుస్వామి వద్దన్నాడు. "మనది వేరేమే. నీళ్లు పోసే పనికి లైసెన్సేంది, గమ్మునుండు" అన్నాడట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషి గమ్మున ఉంటుందా. అందరికంటే ముందు వెళ్లి దరఖాస్తు పెట్టింది. ఇంకా ఎవరూ అడగకముందే వడ్లాయన్ని పిలిచి గడియ పీకించేసింది. లైసెన్సు వచ్చాక అద్దం కట్టించి, గోడకు తగిలించి, దానికి కుంకుమ బొట్టు పెట్టింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

రూలు పెట్టినవాళ్లను నేను తిట్టను. గడియ వెనక ఆడపిల్లలను ఏం చేశారో వాళ్లకు తెలుసు కాబట్టే పెట్టారు. కానీ ఆ బోర్డు పడ్డ రోజు నుంచి మునిరత్నమ్మకు కొత్త భయం పట్టుకుంది. మగవాళ్లు రావడం మొదలుపెట్టారు. గడపలో నిలబడి "వయసు పిల్లలుండారా?" అని అడిగేవాళ్లు. ఒకడు నేరుగా వెనక గదిలోకే తోసుకొచ్చాడు. చీరల కొట్టు పిల్ల ఒకతె అప్పుడు చాప మీద ఉంది. వాడు చూశాడు, పళ్లు ఇకిలించాడు, పోయాడు. ఆ పిల్ల మళ్లీ ఆ సందులోకి రాలేదు.

"గడియ మళ్లీ పెట్టించక్కా, వచ్చేవాళ్ల మానం పోతా ఉండాది" అని నేను గొడవ చేశాను.

"పెడితే లైసెన్సు పోతాది పాపా. స్టేషన్‌కు రమ్మంటారు. నేను ఆ మెట్లు ఎక్కితే ఆడనే సచ్చిపోతాను" అంది.

అప్పటి నుంచి చాపను తలుపు పక్కకు జరిపింది. తలుపు లోపలికి తెరుచుకునేది. దానికి వీపు ఆనించి, బిడ్డకు నీళ్లు పోసేటప్పటిలాగే కాళ్లు బారచాపి కూర్చునేది. మనం ఆమె చేతికి అందేలా పడుకోవాలి. వీపు అయిపోతే తిరిగి పడుకుని కాళ్లు అందించాలి. ఎంతసేపైనా ఆమె మాత్రం తలుపు నుంచి కదిలేది కాదు.

ఆ మధ్యాహ్నం పుత్తూరు దగ్గర డ్రైవరు బ్రేకు కొట్టిన దెబ్బకు నా నడుము పట్టేసింది. డ్యూటీ దిగి, చీర మార్చుకుని, వంగిపోయి ఆమె దగ్గరికి చేరాను. రవిక విప్పి బోర్లా పడుకున్నాను. ఆమె చేయి పడగానే ప్రాణం లేచొచ్చినట్టుంది. కన్ను మూతపడుతుండగా ముందు గదిలో బూట్ల చప్పుడు.

"ఎవరు లోపల? ఇన్‌స్పెక్షన్. తలుపు తీయండి."

నా వీపు మీద ఆమె చేతులు ఆగిపోయాయి. అంతలోనే అవి చల్లబడడం నాకు తెలిసింది. తలుపు కొంచెం కదిలి, వెలుతురు చార ఒకటి నా భుజం మీద పడింది. మునిరత్నమ్మ చటుక్కున రెండు పాదాలు ఎదురుగా ఉన్న పొయ్యిగట్టుకు తన్నిపెట్టింది. చార పోయింది.

"సార్, లోపల ఆడమనిషి ఉండాది సార్. బట్టలు లేవు. రవ్వంతసేపు నిలవండి సార్."

"అవన్నీ మేం చూస్తాం. ముందు గడియ తియ్."

"గడియ లేదు సార్."

"లేకపోతే తలుపెందుకు రాలేదు?" ఇంకో గొంతు అంది, "తోసేద్దాం సార్."

తోశారు. ఆమె తల తలుపుకు కొట్టుకున్న చప్పుడు విన్నాను. నేను రవిక అందుకున్నాను. చేతులకు నూనె, హుక్కు పట్టు దొరకదు. ఒకటి పడితే ఇంకోటి జారుతుంది. బయట ఎవరో "వీడియో తియ్‌రా" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మోహన మసాజ్ సెంటర్లో దొరికిందంట. ఆ మాట మా డిపో మేనేజరు గొంతులో విన్నాను, మా ఆయన గొంతులో విన్నాను, నేను బస్సు దించేసిన ప్రతి తాగుబోతు గొంతులోనూ విన్నాను.

"గమ్మున కట్టుకో పాపా. నేనుండాను" అని గుసగుసగా అంది మునిరత్నమ్మ. ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

చీర తిరగామరగా చుట్టుకున్నాక తల ఊపాను. ఆమె కాళ్లు ముడుచుకుని లేచింది. తలుపు తెరుచుకుంది. హరినాథ్ అనే లైసెన్సుల అధికారి, వెంట కానిస్టేబుల్ మునిప్రసాద్. వీధి గడప దగ్గర టీ కొట్టు జనం, చేతుల్లో ఫోన్లు. అధికారి నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. "మీరు వెళ్లండమ్మా" అన్నాడు. "పేరూ గీరూ ఏం వద్దులేమ్మా. సంసారులు, బిరీన పోండి" అన్నాడు మునిప్రసాద్.

వాళ్లు మంచిగానే అన్నారు. కొంగు ముఖం మీదికి లాక్కుని బయటపడ్డాను. నేరుగా ఇంటికి పోవాల్సినదాన్ని. నడుము మళ్లీ పట్టేసి, ఎదురుగా జిరాక్స్ షాపు గోడ పట్టుకుని ఆగిపోయాను. అక్కణ్నుంచి, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి వెనక గది కూడా కనిపిస్తోంది.

అధికారి తలుపు వెనక వేళ్లతో తడుముతున్నాడు. పాత గడియ పీకిన చిల్లులు దొరికాయి.

"ఇదేంది? ఇప్పుడే పీకి దాచినావా?"

"ఎప్పుడో పీకించేసినాను సార్, మీరు సెప్పినప్పుడే."

"ఇద్దరం తోస్తే రాలేదు. నీ ఒక్కదాని బలానికి ఆగిందంటావా? సరే, కూర్చో. చూద్దాం."

ఆమె లోపలికి వెళ్లి కూర్చుంది. తలుపు మూసుకుంది. మునిప్రసాద్ ఒంటి చేత్తో తోశాడు. తలుపు బార్లా తెరుచుకుంది, ఆమె పక్కకు పడిపోయింది. ఫోన్లు పట్టుకున్నవాళ్లలో ఎవడో నవ్వాడు.

"అబద్ధాలొద్దమ్మా. గడియ ఎక్కడ దాచావో చెప్పు. లేకుంటే లైసెన్సు రద్దుకు రాస్తాను. స్టేషన్‌కు రావాల్సి ఉంటుంది" అన్నాడు అధికారి.

మునిరత్నమ్మ లేవలేదు. నేల మీద ఒక చెయ్యి ఆనించుకుని అతని వైపు చూసింది.

"ఇప్పుడు లోపల ఎవురూ లేరు కదా సార్" అంది.

ఆ మాట అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థం కాకుంటే బాగుండునని కూడా అనిపించింది, ఎందుకంటే ఇక ఇంటికి పోవడానికి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిట్టుకుంటూనే సందు దాటాను. గడప దగ్గర ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి. ముఖం మీది కొంగు తీసేశాను.

"ఇందాక లోపలుండింది నేనే. మోహన, బస్సు కండక్టర్ని" అన్నాను. బస్సు చివరి సీటు దాకా వినిపించే నా గొంతు, పిల్లి కూనలా వచ్చింది. "మళ్లీ లోపలికి పోతాను. అప్పుడు తొయ్యండి."

"మీకెందుకమ్మా ఇది?" అన్నాడు అధికారి.

నేను లోపలికి వెళ్లి తలుపు మూశాను. మునిరత్నమ్మ మళ్లీ తలుపుకు ఆనుకుంది గానీ, చూపు నా మీదే ఉంది.

"ఎందుకొచ్చినావు పాపా. ఆడ ఫోన్లుండాయి" అంది.

బట్టలతో కూర్చుంటే సరిపోదని నాకు తెలుసు. అవతల ఇద్దరు మగవాళ్లు, వాళ్ల వెనక సందు సందంతా. మధ్యలో గడియ లేని తలుపు, దానికి ఆనుకుని ఒక పిరికి మనిషి. నేను పైట తీసేశాను. హుక్కులు ఒక్కొక్కటే విప్పాను. రవిక పక్కన పెట్టి, చాప మీద బోర్లా పడుకుని కళ్లు మూసుకున్నాను. ఆమె పాదాలు పొయ్యిగట్టుకు తగిలిన చప్పుడు వినిపించింది.

"తొయ్యండి" అన్నాను.

తలుపు కిర్రుమంది. మునిరత్నమ్మ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. "ఇంకొంచెం గట్టిగా ప్రసాదూ" అంటున్నాడు అధికారి. భుజాలు తలుపును గుద్దుతున్నాయి. ప్రతి గుద్దుకూ నా ఒళ్లు జలదరించింది. ఆమె ఒక చెయ్యి చాపి నా వీపు మీద పరిచింది. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. వెలుతురు చార నా మీద పడుతుందని కాచుకుని ఉన్నాను. పడలేదు.

"చాల్లే, వదిలెయ్" అంది అధికారి గొంతు. "గడియ లేదని రాసుకో. పదండి, మీరంతా ఇక్కణ్నుంచి పోండి."

బూట్ల చప్పుడు గడప దాటింది. టీ కొట్టు వాళ్ల మాటలు దూరమయ్యాయి. నేను లేచి రవిక తొడుక్కుని, చీర కుదురుగా కట్టుకుని, ఆమె ముందు కూర్చున్నాను. పాదాలు ఇంకా గట్టుకు తన్నే ఉన్నాయి. వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

"పోయినారక్కా. ఇంక లెయ్" అన్నాను.

"ఉండనీ పాపా" అంది, తలుపుకు ఆనుకునే.