నా మొగుడి క్రాపు

నా మరిది నిర్దోషి అని హైకోర్టు తీర్పు చెప్పిన రోజు నేను తలనొప్పని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పక్క గదిలో నా తోడికోడలు ఒకరి తర్వాత ఒకరికి ఫోను చేసి అదే మాట చెబుతోంది. "కొట్టేసినారంటక్కా కేసు. మా ఆయప్ప వచ్చేస్తాడు." లేచి వెళ్లి ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. అదే హత్య కేసు, అదే శిక్ష. అన్నదమ్ములిద్దరూ ఐదేళ్లుగా ఒకే జైల్లో ఉన్నారు. ఆమె మొగుడికి కొట్టేశారు. నా మొగుడికి యావజ్జీవం అలాగే ఉంచారు.

మా వైపు హత్య జరిగితే ఎవరు చేశారన్నది తర్వాతి మాట. గిట్టని ఇంట్లోని మగవాళ్ల పేర్లన్నీ ముందు ఫిర్యాదులో ఎక్కిస్తారు. వేంపల్లె దారిలో ఒక పొద్దున మా వాళ్లకు పడనివాణ్ణి ఎవరో నరికేశారు. ఆ వేళకు నా మొగుడు నా ముందర కూర్చుని ఉగ్గాని తింటూ, బొరుగులు మరీ నానిపోయాయని నన్ను తిడుతున్నాడు. మరిది బోరు మోటారు బాగు చేయించడానికి పోయాడు. అయినా ఇద్దరి పేర్లూ ఎక్కాయి. తప్పు చేయనివాడు ఇంట్లోనే కూర్చోవాలి కదా అంటారు చదువుకున్నవాళ్లు. మా ఊళ్లో పేరు ఎక్కిందని తెలిస్తే ముందు పారిపోతారు, తర్వాత ఆలోచిస్తారు. వీళ్లూ ఎనిమిది రోజులు దాక్కుని, ఆ తర్వాత వెళ్లి లొంగిపోయారు. పారిపోయారంటే చేసే ఉంటారని కింది కోర్టు అనుకుంది. ఉగ్గాని సంగతి నేను బోనెక్కి చెప్పాను. కట్టుకున్నది మొగుడి వైపు కాక ఇంకెవరి వైపు చెబుతుందని ఆ మాట తోసేశారు.

అప్పీలు చేసిన వకీలు కర్నూలు మనిషి, నిదానస్తుడు. కాగితాలన్నీ మొదటి నుంచి చదివాడు. చచ్చిపోయినాయన ఇద్దరి జుట్టూ పట్టుకుని పెనుగులాడాడనీ, అది కళ్లారా చూశాననీ కింది కోర్టులో ఒక సాక్షి చెప్పాడు. మరిదిని జైల్లో చేర్చుకున్నప్పుడు రాసిన కాగితంలో మాత్రం తల గొరిగి ఉందని, వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయని ఉంది. హత్యకు మూడు రోజుల ముందు అహోబిలంలో తలనీలాలు ఇచ్చిన టిక్కెట్టు కూడా అదే కట్టలో ఉంది. ఐదేళ్లలో ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. లేని జుట్టు ఎట్లా పట్టుకుంటాడని వకీలు అడిగాడు, కోర్టు అవునంది. నా మొగుడి సంగతికి వచ్చేసరికి సాక్షి మాటను కాదనడానికి అలాంటి కాగితమేదీ లేకపోయింది. ఆ రోజు అతని తల మీద ఒత్తుగా క్రాపు ఉంది.

ఆ క్రాపు నేను ఉంచిందే. బోరులో నీళ్లు పడితే ఇద్దరు కొడుకుల తలనీలాలూ ఇస్తానని మా అత్త మొక్కుకుంది. ఏడో బోరుకు పడ్డాయి. అహోబిలంలో క్షవరాల చోట నా మొగుడు చొక్కా కూడా విప్పి కూర్చున్నాడు. పది రోజుల్లో నా తమ్ముడి పెళ్లి. ఫోటోల్లో నా మొగుడు నా తోడికోడలి మొగుడి కంటే బాగుండాలని నాకు ఆశ. మరిదికి గుండు పడుతుంటే నాకు లోపల సంతోషమే. "నువ్వొద్దు, పెండ్లయినాక మళ్లా వస్తాంలే" అని నా మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "దేవునితో బేరమేందే నీకు?" అంది అత్త. నేను వినిపించుకోలేదు. తీర్పు వచ్చాక ఇంట్లో అందరికీ ఆ సంగతి గుర్తొచ్చే ఉంటుంది. తోడికోడలు ఒక్క మాట అనలేదు. అందుకు కూడా ఆమె మీద నాకు మంటే. ఒకటి అనుంటే నేను నాలుగు అనేదాన్ని.

విడుదల కాగితాలు జైలుకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా నేనొక్కదాన్నే ములాఖత్‌కు వెళ్లాను. ఇనుప జాలీకి ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది, అందరూ ఒకేసారి అరుస్తారు. "ఆ పొద్దు గుండుకాడ నుంచి నిన్ను లాక్కొచ్చింది నేనే. నీకూ గుండు ఉండింటే నువ్వూ ఇంటికి వస్తాంటివి. ఫోటోల కోసరం నీ బతుకు పాడు చేసినా. మనసులో పెట్టుకోవాక" అని ఏడుస్తూ చెప్పాను. అతను నన్నే చూస్తూ తలూపాడు. కొంచెం నవ్వాడు కూడా. తీర్పు వచ్చాక ఆ రోజే నాకు కడుపు నిండా అన్నం పోయింది.

మరిది వచ్చాడు. జైలు నుంచి వచ్చినవాణ్ణి దిష్టి తీయకుండా గడప దాటనివ్వరు. మా అత్తకు భర్త లేడు, కాబట్టి దిష్టి పళ్లెం పెద్దకోడలినైన నా చేతికే వచ్చింది. తోడికోడలు కొత్త చీర కట్టి, కనకాంబరాలు పెట్టుకుని నిలబడింది. ఐదేళ్లుగా ఇద్దరం ఒకే బస్సులో, ఒకే రకం ముఖాలు పెట్టుకుని జైలుకు వెళ్లి వచ్చినవాళ్లం. దేవుడు ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టాడు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి" అంటూ ఎర్రనీళ్లు తిప్పి ఆపేశాను. "ఇంట్లోవాళ్లది గూడా తీయమ్మే" అంది అత్త వెనక నుంచి. తీశాను.

సంగటి, నంజుకోడానికి చెనిక్కాయల ఊరుబిండి వడ్డించాను. తింటున్నంతసేపూ మరిది నోట వాళ్ల అన్న గురించిన మాటలే. అన్న ఇప్పుడు టీలో చక్కెర వేసుకోడంట. అన్నకు మోకాలు పట్టేస్తాందంట. అన్న నిద్రలో మాట్లాడుతాడంట. నా మొగుడి ఐదేళ్లు నాకు తెలియవు, ఇతనికి తెలుసు. పొద్దున ఇతని పెళ్లాన్ని చూసి కుళ్లుకున్నదాన్ని, మధ్యాహ్నానికి ఆమె మొగుణ్ణి చూసి కుళ్లుకుంటున్నాను.

"వదినా, ఒక మాట చెప్పల్ల నీకు. చెప్పొద్దన్నాడు గానీ చెప్తాండా" అన్నాడు మరిది. "అన్నకు చెవులు పోయినాయి. ఎడమది బొత్తిగా లేదు, కుడిది శానా తక్కువ. ఆ గోలలో నువ్వు చెప్పేది ఒక్కటీ వినపడదు. నువ్వు బాధపడతావని ఊరికే తలూపుతాంటాడు. నేను పక్కన నిలబడి అంతా విని, లోపలికి పోయినాక చెవిలో చెప్తాంటి."

అతను అడక్కుండానే ఇంకో సంగటి ముద్ద వేశాను.

"మొన్న నన్ను కాగితాల కోసరం ఆఫీసుకు పిలిచింటే అన్న నీతో మాట్లాడేటప్పుడు నేను పక్కన లేను. నేను వచ్చేటప్పుడు అడిగినాడు, మీ వదిన ఆ పొద్దు శానా ఏడ్చింది, ఎందుకో కనుక్కోరా అని. ఏం చెప్పినావు వదినా?"

తోడికోడలు నా వైపే చూస్తోంది.

"ఏమీ లేదు, నువ్వు తిను" అన్నాను.