సృష్టి పాటలో ఒక దోమ

ఈ రోజు ఆరాధనలో నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడ్డాను. కొత్తపేటలోని మా చర్చిలో, సృష్టిని కాపాడుకోవాలనే కొత్త పాటను అందరం చప్పట్లు కొడుతూ పాడుతున్నాం. సరిగ్గా "చిన్న ప్రాణినైనా కాచెదము ప్రభువా" అనే చోట, నా పక్కనున్న సుగుణత్త చప్పట్ల మధ్య ఒక దోమ నలిగిపోయింది.

"ఇదేంది అత్తా?" అన్నాను మెల్లగా.

"నేనేం జేసిన బిడ్డా? స్తుతి మధ్యలకు గదే ఒచ్చింది. ముందుగాల బయట మోరీ సాఫ్ చేయించున్రి, అప్పుడు ఒట్టి చప్పట్లే కొడతా!"

అప్పటికే పాట ఆగింది. ఆమె మాట పాస్టరుగారి దాకా వినబడింది. ఆయన కూడా నవ్వి, వచ్చే ఆదివారం చర్చి బయటి మోరీలో మురుగంతా శుభ్రం చేశాకే ఆ పాట పాడదామని ప్రకటించారు. అందరికన్నా గట్టిగా నవ్వినందుకు పార నా చేతికొచ్చింది.

మీ చర్చిలో పాట ముందా, పార ముందా?