చెరకు తోట చూశారా అండీ?

మా టీమ్ లీడర్ గారు ఏఐని కూడా "మీరు" అనేవారు. విజయవాడ ఆఫీసులో కూర్చుని మేం ఉయ్యూరు వైపు చెరకు రైతులకి కోత తేదీలు పంపే యాప్ చేసేవాళ్ళం. కొంత కోడ్ ఆయన రాసేవారు, మిగతాది ఏఐ చిటికెలో రాసిచ్చేది. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి స్క్రీన్‌నే అడిగేవారు, "బాగుందండీ, మీరెప్పుడైనా చెరకు తోట చూశారా?" మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఏఐకి చట్టాలు కావాలా అని ఎవరు వాదన పెట్టినా ఆయనది ఒకటే మాట: "ఒక్క రూలు చాలండీ. తోట చూడనివాళ్ళ కోడ్ రైతు ఫోన్‌లోకి వెళ్ళకూడదు."

ఓసారి పరీక్షకని పంపిన ఏఐ కోడ్ ఒక ఊరి కోతలన్నీ వచ్చే ఆదివారానికే వేసింది. కోత మేస్త్రి ఫోన్ చేశాడు. "ఆదివారం మావాళ్ళంతా చర్చిలో ఉంటారు కదండీ!"

"చెప్పానా, అది తోట చూడలేదని!" అంటూ ఆయన గంతేసినంత పనిచేసి, మమ్మల్నందర్నీ ఉయ్యూరు బస్సెక్కించారు.

తోటలో దిగీదిగగానే ముచ్చటగా ఒక ఆకు నిమిరి, వేలు కోసుకుని "అబ్బా, ఇంత పదునా!" అని అరిచారు.

మేస్త్రి వింతగా చూశాడు. "మీరెప్పుడూ చెరకు తోట చూళ్ళేదా అండీ?"

ఆయన మా మొహాలు చూశారు. వేలు నోట్లో పెట్టుకునే విరగబడి నవ్వారు.

"ముందు నా కోడ్ తీసెయ్యండ్రా!"