రెండోసారి పిలవలేక

తొంభైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కాను. అమ్మ నంద్యాల ఆస్పత్రిలో ఉంది. ఆయాసం ఎక్కువైందని చెల్లెలు మా పక్కింటికి ఫోన్ చేసి చెప్పింది. బస్సు ఆగిన ప్రతిచోటా లేచి నిలబడి ముందుకు చూస్తున్నాను.

"ఏమైందప్పా, ఊరికే లేస్తాండావ్?" అని పక్క సీట్లోని పెద్దావిడ అడిగింది.

అమ్మ సంగతి చెప్పాను. ఆమె నా వైపు తిరిగి అంది.

"మా నాయనకూ ఇట్లనే ఆయాసమొచ్చె. నర్సమ్మను పిలిస్తే, డాక్టరు వస్తాడు ఉండండి అనె. మళ్లీ పిలిస్తే కసురుకుంటాదేమోనని గమ్మున కూర్చున్నాం. బిడ్డలమంతా ఆడనే ఉన్నాం. నాయన మా మొగాలు చూస్తా చూస్తానే పాయె. డాక్టరు రానే లేదు."

నంద్యాలలో దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తిట్టినా సరే, మళ్లీ అడుగప్పా."

ఆస్పత్రి వరండాలో చెల్లెలు ఏడుస్తోంది. డాక్టరుగారు పనిలో ఉన్నారు, ఆగమన్నారట. నేను తలుపు తోసుకుని ఆయన గదిలోకి వెళ్లాను. ఆయన గట్టిగానే తిట్టాడు. తిడుతూనే లేచి వచ్చి, అమ్మకు ఆక్సిజన్ పెట్టించాడు.

అమ్మ ఆ వారం దాటలేదు. కానీ ఊపిరి కోసం కొట్టుకోకుండా నిద్రలోనే పోయింది. ఇంకోసారి పిలిచి ఉంటే బాగుండేదని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆ పెద్దావిడ ఇంట్లో మాత్రం ఇప్పటికీ అనుకుంటూనే ఉంటారేమో.