ఒకటే కంబళి

మా ఇంట్లో కంబళి ఒకటే ఉండేది. రొద్దం వైపు గొర్రెలవాళ్లు హిందూపురం సంతకు తెస్తే మా తాత కొన్నాడట. తాత పోయాక అది అవ్వ సొత్తు అయింది. అవ్వ అంటే మా నాయన తల్లి. మేమంతా పాత చీరలు కప్పుకుని పడుకుంటే ఆమె ఒక్కతే చలికాలంలో దాన్ని కప్పుకునేది. మిగతా కాలమంతా అది మగ్గం పక్కన కొయ్యకు వేలాడుతుండేది. నల్లటిది, ఒంటికి గుచ్చుకునేది, వానకు తడిస్తే గొర్రె వాసన కొట్టేది. మా చిన్నమ్మ మెడ ఎందుకు ఎడమపక్కకు లాక్కుపోయిందని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అది చెప్పాలంటే ముందు ఈ కంబళి సంగతి చెప్పాలి.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. మా నాయన, చిన్నాయన ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్లు. పట్టూ జరీ ఇచ్చేది శావుకారు, నేసిన చీర తీసుకుపోయేది శావుకారు. మధ్యలో దాని మీద మరక పడినా, నాలుగు పోగులు మాడినా, ఆ మగ్గానికి మళ్లీ పట్టు రాదు. పట్టు రాని మగ్గం ఉన్న ఇల్లు ఎట్లుంటుందో వీధిలో అందరికీ తెలుసు. అందుకని మా ఇంట్లో మగ్గానికున్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. మాకు జ్వరం వచ్చి ఏడిస్తే, మగ్గం దగ్గర ఏడవొద్దు, అవతలికి పో అనేవాళ్లు. నూనె చేతులతో ఆ పక్కకు పోతే వీపు విమానం మోత మోగేది. పట్టు నేసే ఇంట్లో ఆడవాళ్లు కట్టుకునేది మాత్రం ముతక నూలు చీరలే.

చైనా యుద్ధం అయిపోయిన కొత్తల్లో ఒకరోజు మా వీధికి జీపు వచ్చింది. దాని మీద మైకు, లోపల బొమ్మల చార్టులు, వాటితోపాటు ఒక సారు. మగ్గాలన్నీ ఆపించి అందరినీ వీధిలో కూర్చోబెట్టాడు. మొదట అణుబాంబు సంగతి చెప్పాడు. కళ్లు పోయేంత వెలుగు వస్తుందట. వెంటనే బోర్లా పడుకుని మొహం దాచుకోవాలట. ఆ తర్వాత కంటికి కనపడని కిరణాలు వస్తాయట. వాటికి వాసన ఉండదు, వేడి తెలియదు, మనిషిలో దూరి లోపల్నుంచి తినేస్తాయి. తలుపులు బిగించుకోవాలి, నీళ్ల కుండల మీద మూతలు పెట్టుకోవాలి. చెప్పడమంతా అయ్యాక ఏమైనా అనుమానాలుంటే అడగమన్నాడు.

మా చిన్నాయన లేచాడు. "ఆ వెలుగుకి పట్టు రంగు ఇడుస్తాదా సామీ?"

ఎవరూ నవ్వలేదు. వీధి మొత్తానికి ఉన్న అనుమానం అదే. సారు బిత్తరపోయి, మనుషుల సంగతి ముందు ఆలోచించమని చెప్పి, అణుబాంబు చార్టు చుట్టేసి మంటల చార్టు తీశాడు.

బట్టలంటుకుంటే పరిగెత్తకూడదు, గాలికి మంట పెద్దదవుతుంది. కింద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్లు కంబళి కప్పి మంటను అణిచేయాలి. ఈ మూడు ముక్కలు మా అందరితో పాఠంలాగా చెప్పించాడు. తర్వాత కంబళి తెమ్మన్నాడు. మా వీధిలో కంబళి ఉన్న ఇళ్లు తక్కువ. అవ్వ కాస్త గర్వంగానే మాది తెప్పించింది. సారు అగ్గిపుల్ల గీసి గుడ్డముక్కకు తాకిస్తే భగ్గున లేచింది. కంబళి అంచుకు తాకిస్తే వెంట్రుకలు కమిలిన వాసన వచ్చి, అంతటితో ఆరిపోయింది. "చూశారా, కంబళి మంటను దగ్గరికి రానివ్వదు," అన్నాడు. అవ్వ ముందుకు వంగి మరీ చూసింది. ఆ రోజు పాఠం బాగా ఒంటబట్టింది ఎవరికయ్యా అంటే మా అవ్వకే.

చివర్లో, మంటలంటుకున్న మనిషిలాగా పడి దొర్లి చూపించడానికి ఎవరైనా ఆడమనిషి రావాలన్నాడు. ఆడవాళ్లంతా చెంగులు నోట్లో కుక్కుకుని ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. మా చిన్నమ్మ లేచింది. చిన్నాయన పెళ్లాం, పెనుకొండ నుంచి కాపరానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. నవ్వు వస్తే ఆపుకోలేకపోయేది, అదొక్కటే ఆమెలో మా అవ్వకు నచ్చని గుణం. చిన్నమ్మ "అయ్యో, కాలిపోతాండా!" అని అరిచి, దబ్బున కింద పడి, దుమ్ములో అటూ ఇటూ దొర్లింది. ఇద్దరు ఆడవాళ్లు కంబళి కప్పి చుట్టేశారు. లోపల్నుంచి కూడా ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది. వీధంతా పగలబడి నవ్వింది. సారు చప్పట్లు కొట్టాడు.

ఇంటికి రాగానే అవ్వ మొదలుపెట్టింది. "మొగోళ్ల ముందర మన్నులో దొర్లితివి గదే, సిగ్గు ల్యాకుండా. మీ పెనుకొండలో ఇదేనా నేర్పించింది?" కంబళిని పది సార్లు దులిపి కొయ్యకు తగిలించింది. చిన్నమ్మకు వీధిలో కంబళి కోడలని పేరు పడింది. ఆమె దానికీ నవ్వేది. పిల్లలమైన మాకు అదొక ఆట అయింది. ఒకరు అంటుకోవడం, ఒకరు ఆర్పడం. ఎవరైనా పరిగెత్తితే చిన్నమ్మ పట్టుదారం కండెలకు చుడుతూ కూర్చున్న చోటినుంచే కేకేసేది. "ఏయ్, పరిగెత్తినావంటే సచ్చినావు! దొర్లు!" ఆ మూడు ముక్కలు ఆమెకు తెలిసినంత బాగా మా వీధిలో ఇంకెవరికీ తెలియవు.

ఆ ఏడు మబ్బు పట్టిన ఒక రోజు. పగలే ఇంట్లో చీకటి. నాయన పని మీద హిందూపురం పోయాడు, అమ్మ నీళ్లకు పోయింది, అవ్వ ఇంట్లోనే ఉంది. చిన్నాయన మగ్గం గుంతలో కూర్చుని పెళ్లిచీర నేస్తున్నాడు. కుంకుమ రంగు చీర, పల్లూ నడుస్తోంది. పోగులు తెగితే కనపడక, బుడ్డి పట్టుకోమని చిన్నమ్మను పిలిచాడు. ఆమె కిరసనాయిలు బుడ్డి పట్టుకుని వంగింది. "ఇంకా కిందికి, నీడ పడతాంది," అన్నాడు. ఆమె ఇంకా వంగింది. బుడ్డి చేతిలోనే ఒరిగింది. కిరసనాయిలు మొత్తం ఆమె చీర మీదే ఒలికి, నడుము దాకా అంటుకుంది.

నేను గడప దగ్గర ఉన్నాను, అన్నీ చూశాను. చిన్నమ్మ పరిగెత్తలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఆమె పరిగెత్తలేదు. బుడ్డిని దూరంగా విసిరి, సారు చెప్పినట్టే కింద పడి దొర్లడం మొదలుపెట్టింది.

"మగ్గం కిందికి పోతాండావే!" అని అవ్వ అరిచింది. "ఆడ దొర్లొద్దు! చీర అంటుకుంటాది! లేయ్, బయటికి పో!"

చిన్నమ్మ మోకాళ్ల మీద లేచింది. అప్పుడే అవ్వ కొయ్య మీదున్న కంబళి లాగింది. అది చూసి చిన్నమ్మ రెండు చేతులూ చాచింది. కంబళి తన మీద పడుతుందనే అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. అవ్వ ఆమెను దాటుకుని పోయి కంబళిని మగ్గం మీద పరిచింది. చిన్నాయన గుంతలోంచి లేచి రెండో అంచు పట్టుకుని, చీర ఎక్కడా కనపడకుండా సర్దాడు. చిన్నమ్మ చాచిన చేతులతో అట్లాగే చూసింది. ఎంతసేపని అడగొద్దు, నాకు ఇప్పటికీ అది పూర్తి కాలేదు.

"బయటికి పొమ్మంటే ఇనపడల్యా?" అని అవ్వ మళ్లీ అరిచింది. చిన్నమ్మ అప్పుడు పరిగెత్తింది.

వీధిలో గాలి ఉంది. మంట తల దాకా లేచింది. వాకిళ్లలో నిలబడిన జనమంతా ఒక్క గొంతుతో అరిచారు. "పరిగెత్తొద్దు! పరిగెత్తొద్దు!" పాఠం బాగానే గుర్తుంది అందరికీ. కంబళి ఉన్న ఇళ్లవాళ్లు కూడా వాకిట్లో నిలబడే అరిచారు. చిన్నమ్మ వీధి మలుపు దాకా పోయి రంగు నీళ్లు పారే కాలువలో పడింది. ఆమె మంట ఆమే ఆర్పుకుంది. ఎవరో పట్టుకు రంగేసి పారబోసిన నీళ్లు, ఎర్రగా ఉన్నాయి. బయటికి లాగాక ఏది రంగో, ఏది నెత్తురో తెలియలేదు.

బతికింది. మెడ చర్మం భుజానికి అతుక్కుని తల ఎడమకు వంగింది. కుడిచేతి వేళ్లు మూడు ఒకటైపోయాయి. వాళ్ల నాయన పెనుకొండ నుంచి రైల్లో వచ్చాడు. ఆయన కూడా మగ్గం మనిషే. బిడ్డను చూసి వెక్కివెక్కి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని మా చిన్నాయనను అడిగాడు, "మగ్గానికేం కాల్యా గదప్పా?" ఏమీ కాలేదని చిన్నాయన చెప్పాడు. ఇద్దరూ కలిసి చీరను చూడ్డానికి లోపలికి పోయారు.

చీర మీద చిన్న నుసి కూడా పడలేదు. శావుకారు వచ్చి పల్లూ విప్పి చూసుకుని, "నీ అట్లాంటి బుద్ధిమంతురాలు ఇంటికొకరుంటే చాలవ్వా," అని మెచ్చుకుని పోయాడు. ఆ చీర కట్టుకుని ఏ పిల్ల పెళ్లి పీటల మీద కూర్చుందో గానీ, నేను ఆమెను కూడా క్షమించలేదు.

వీధి మాత్రం ఒక తీర్పు చెప్పేసింది. అన్నీ నేర్పించినా పరిగెత్తింది చూడు, దాని ఖర్మ. ఎవరు పలకరింపుకు వచ్చినా అవ్వ ఈ మాటే చెప్పేది. చిన్నమ్మ చాప మీద పడుకుని వినేది. ఆమె నవ్వు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. అవ్వకు మాత్రం ఆ నవ్వు గొడవ తప్పింది.

మరుసటి ఏడు జీపు మళ్లీ వచ్చింది. అదే సారు, అవే చార్టులు. ఈసారి అణుబాంబు తొందరగా ముగించి మంటల సంగతి మొదలుపెట్టాడు. "మేమింత చెప్పి పోయినా, నిరుడు మీ వీధిలోనే ఒకామె మంటలతో పరిగెత్తిందట. అజ్ఞానం ఎంత పని చేస్తుందో చూడండి. బట్టలంటుకుంటే ఏం చేయకూడదు?"

"పరిగెత్తకూడదు!" అన్నారు జనం. అందరికన్నా పైకి వినిపించింది అవ్వ గొంతే.

సారు కంబళి తెమ్మన్నాడు. అవ్వ మాదే తెప్పించింది. దొర్లి చూపించడానికి ఎవరొస్తారన్నాడు. ఎవరూ లేవలేదు. ఆడవాళ్ల వెనక వరసలోంచి చిన్నమ్మ లేచింది. వంగిన తల మీద చెంగు కప్పుకుని, నిదానంగా ముందుకు నడిచింది. దగ్గరికొచ్చాక చెంగు తీసింది. సారు ఆమె మొహం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరో ఆయన చెవిలో ఏదో చెప్పారు.

"వద్దమ్మా, నువ్వు పోయి కూర్చో," అన్నాడు.

"ఒకటి అడగల్ల సార్," అంది చిన్నమ్మ. "పక్కన మగ్గం ఉండాది. ఇంట్లో కంబళి ఒకటే ఉండాది. దేని మింద కప్పల్ల?"

చిన్నాయన తల దించుకుని కాళ్ల దగ్గరి మట్టి గీరుతున్నాడు. సారుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అదేం ప్రశ్నమ్మా? మనిషి మీదే కప్పాలి. మగ్గం పోతే ఇంకోటి చేయించుకోవచ్చు," అన్నాడు.

చిన్నమ్మ ఒళ్లంతా తిప్పి అవ్వ వైపు నిలబడింది. మెడ ఒక్కటే తిరగదు మరి.

"ఇన్నావా అత్తా?"

అవ్వ లేచింది. సారు చేతిలోని కంబళి తీసుకుని, దులిపి, మడతపెట్టి చంకలో పెట్టుకుంది. "ఇన్న్యాలే. దా, పొద్దు పోతాండాది. చీర మగ్గం మింద ఉండాది," అంది.

చిన్నమ్మ ఆమె వెనకే నడిచి ఇంట్లోకి పోయింది.